ఆటిజము: ఆజన్మ లక్షణ విచారము

(సంఘ వార్షిక మహాసభలో, కవాడిగూడయందు, చదువబడిన యుపన్యాసము)



ఏటేట నీ సభయందు మాకు విధింపబడు విషయము పురాణమో, వ్యాకరణమో, విద్యార్థి ధర్మమో యయి యుండెడిది. ఈ యేడు కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, ఈసారి ఆటిజమును గుఱించి చెప్పుడు, మన వారి యిండ్లలో నలుగురైదుగురు పిల్లలున్నారు" అనిరి. మేము వైద్యులము కాము. సంస్కృతము చదువుకొని, 30 ఏండ్లకు పైగా పిల్లలచేత శబ్దములు వల్లె వేయించిన బడిపంతులము. అట్టివారము ఈ పని కేల యొప్పుకొంటిమో మొదటనే మనవి చేసికొందుము.

మా యుద్యోగము తొలినాళ్ళలో మా తరగతియందు మన కులమువాడే యొక బాలుడుండెను. రామశబ్దము మొదలు ఏ శబ్దమున నే విభక్తి యడిగినను తడవుకొనక చెప్పెడివాడు. అమరకోశమున ప్రథమకాండమును పుస్తకము చూడకయే యప్పగించెడివాడు. కాని "నీ పేరేమిరా?" అని యడిగినచో, "నీ పేరేమిరా?" అనియే మా గొంతుతో బదులు పలికెడివాడు. ముఖములోనికి చూడడు. ఆటల గంట మ్రోగినచో రెండు చెవులు మూసికొని గోడకు జేరగిలబడును. తన పలక యుండు చోట నింకొకరి పలక యున్నచో నేలబడి యేడ్చును. మేము దానిని వెక్కిరింత యనియు, మొండితన మనియు తలంచితిమి. బెత్తము తీసితిమి. ఒకనాడు కాదు, ఏడాది పొడవునను. "చేయి చాపు" అని మేమనగా, "చేయి చాపు" అని వాడు ననెడివాడు. అందులకు మరియొక దెబ్బ. మరుసటి యేట వాని తండ్రి బడి మాన్పించెను.

వానికిప్పుడు 40 దాటిన వయస్సు. ఈ కవాడిగూడ సందులలోనే తల్లితో గూడ నున్నాడు, తండ్రి గతించెను. రెండేండ్ల క్రిందట మేము వారింటికి పోయితిమి. వాడు మా వంక చూడలేదు. కిటికీ వైపు తిరిగి, 30 ఏండ్లనాటి మా గొంతుతోనే, "చేయి చాపు" అనెను. ఆ తల్లి కేమియు నర్థము కాలేదు. మేమే చెప్పుకొంటిమి. ఆమె కొంతసేపూరకుండి, "మీరు కొట్టిన సంగతి నాకు ఇయ్యాలనే ఎరుక సారూ. వానికి చెప్పుడు రాదు గద" అనెను. మేము లేచి వచ్చునప్పుడు గుమ్మము దాక వచ్చి, "నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తరు?" అని యడిగెను. ఆనాటినుండి యీ విషయమును మాకు దొరికినంత మేరకు చదువుచున్నాము.

మొదట పేరు. ఆటిజమను మాట 'తాను' అని యర్థమిచ్చు గ్రీకు సర్వనామమునుండి పుట్టినది. దీనిని స్విట్జర్లాండు దేశపు మానసిక వైద్యుడు బ్లాయిలరు 1911 ప్రాంతమున, స్కిజోఫ్రీనియా రోగులు లోకమును విడిచి తమలో తాము ముడుచుకొను స్థితికి పెట్టెను. అనగా వేఱొక వ్యాధిలోని యొక చిహ్నమునకు పెట్టిన పేరు తరువాత మన పిల్లలకు తగులుకొన్నది. దీనిని సంస్కృతీకరించినవారు 'స్వలీనత' అనిరి. మాట చక్కనిదే, కాని మాకు రుచింపలేదు. లీనుడగుట యోగులు కోరి సాధించునది. ఆ బాలుడు తనలో లీనుడు కాడు. బయటి ప్రతి చప్పుడును, ప్రతి వెలుగును మనకంటె నెక్కువగా వానికి తగులుచుండెను. 'మందబుద్ధి' అను మాట యింకను తప్పు. ఆటిజము గలవారిలో బుద్ధిమాంద్యము గూడ నున్నవారు కలరు, లేనివారును గలరు. కావున మేము వాడుకలోని ఆటిజ మను మాటనే యుంచుకొందుము.

ఇక లక్షణము. తర్కసంగ్రహము చదివినవారికి లక్షణదోషములు మూడని తెలియును. గోవునకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లయావు తప్పిపోవును, అది యవ్యాప్తి. కొమ్ములుండుట లక్షణమన్నచో బఱ్ఱె గూడ చొరబడును, అది యతివ్యాప్తి. ఒంటిగిట్ట గలుగుట లక్షణమన్నచో నే యావునకును జెందదు, అది యసంభవము. గడచిన నూఱేండ్లుగా పాశ్చాత్య వైద్యులు ఆటిజమునకు లక్షణము చెప్పుటలో నీ మూడు దోషముల గుండను నడచిరి. వారిని పరిహసించుటకు మేమిట్లనుట లేదు. దోషము కనిపించినపుడెల్ల లక్షణమును మార్చుకొనిరి. అది శాస్త్రమున కలంకారమే.

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానరు అను బాలమనోవైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి యొక వ్యాసము ప్రకటించెను. ఒంటరితనము, మార్పు సహింపకుండుట, విన్న మాటనే తిరుగ బలుకుట, అద్భుతమైన జ్ఞాపకశక్తి యని ఆయన వ్రాసినది చదువుచుండగా మా తరగతిలోని యా మూలబల్ల మా కన్నులకు గట్టినది. అంతకు ముందే, 1925 ప్రాంతమున, రష్యా దేశమున సుఖరేవా యను వైద్యురాలు ఇట్టి బాలుర నార్గురను వర్ణించి యుండెను. 1944లో వియన్నాయందు ఆస్పర్గరు, మాటలు చక్కగా వచ్చియు నలుగురితో పొసగలేని పిల్లలను గుఱించి జర్మను భాషలో వ్రాసెను. అది చాలకాలము ఆంగ్లము చదువువారి కెక్కలేదు. (ఆ యాస్పర్గరే నాజీల పాలనలో వికలాంగ బాలుర ప్రాణములు తీయు నొక చోటికి కొందఱు పిల్లలను పంపెనని 2018లో చరిత్రకారులు ఋజువులతో బయటపెట్టిరి. శాస్త్రజ్ఞుడైనంత మాత్రమున సాధువు గానక్కఱలేదు.) కానరు చెప్పిన లక్షణము కొలది మందికే తగులుచుండెను. మాటలు వచ్చినవారు, బడిలో నెగ్గినవారు, ఆడపిల్లలు తప్పిపోయిరి. ఇది యవ్యాప్తి. 1968 నాటి అమెరికా వర్గీకరణ గ్రంథమున ఈ పిల్లలకు వేఱు స్థానమే లేక, బాల్యమున వచ్చు స్కిజోఫ్రీనియాలో కలుపబడిరి. అచ్చట లక్షణ మతివ్యాపించినది.

మూడవదానిని తలచినచో మాకు కోపము వచ్చును. తల్లి మనస్సు మంచుగడ్డవలె చల్లనిదగుటచేతనే బిడ్డ యిట్లయ్యెనని యొక వాదము అమెరికాలో 20 ఏండ్లకు పైగా రాజ్యము చేసెను. 1967లో బెటల్‌హైము దీనిపై గ్రంథమే వ్రాసెను. తల్లి నుండి బిడ్డను వేఱుచేయుట చికిత్స యనిరి. ఇది శుద్ధమైన యసంభవము. అప్పటికే 1964లో రింలాండు, తానుగూడ నట్టి బిడ్డకు తండ్రియై, ఇది పుట్టుకతో వచ్చు శరీరధర్మమని వాదించెను. 1977లో ఇంగ్లండున 21 కవల జంటలను పరీక్షించి, ఒకే పిండమునుండి చీలిన కవలలలో ఆటిజము జంటగా కనబడుట యెక్కువయని ఫోల్‌స్టీను, రట్టరు అను వారు చూపిరి. జన్యువులకు దీనిలో పెద్దపాలు గలదని నేడు సందేహము లేదు. టీకాలవలన వచ్చునని 1998లో వెలువడిన వ్యాసమును 2010లో ఆ పత్రికయే యుపసంహరించుకొన్నది.

దూరపు వారి తప్పు లెన్నుట సులభము. మన యిండ్లలో నేమి జరుగుచున్నది? గ్రహణమునాడు కడుపుతో నున్నది బయటికి వచ్చినదట, కోడలు ఉద్యోగమునకు పోయినదట, ఫోను చేతికిచ్చినదట. ఫోనెక్కువ చూచుట బిడ్డకు మంచిది కాదు, నిజమే. దానివలన ఆటిజము పుట్టదు. ఏ వాదమైనను చివరకు తల్లి కొంగుననే ముడివడుచున్నది. ఆ తల్లి 40 ఏండ్లుగా అత్తవారి బంధువులనుండి విన్న మాట లిన్ని యని లెక్క లేదు.

తరువాతి కథ త్వరగా ముగింతుము. 1979లో లండనునందు లోర్నా వింగు, జుడిత్ గూల్డు అనువారు ఒక పేటలోని పిల్లలనందఱను వెదకి చూచి, ఇది యొక గిరిగీసిన వ్యాధి కాదనియు, ఎక్కువ తక్కువలుగా పరచుకొన్న యొకే స్వభావమనియు తేల్చిరి. 1980లో అమెరికా గ్రంథము 'శైశవ ఆటిజము' అని తొలిసారి ప్రత్యేక స్థానమిచ్చినది. ఆ విశేషణముచేత నిది శైశవముతో పోవునను భ్రమ కలిగెడిది. 1987లో దానిని తొలగించిరి. 1994లో ఆస్పర్గరు పేరును జేర్చి, మొత్తమైదు విభాగములుగా పంచిరి. ఒకే బిడ్డకు ఒక వైద్యుడొక పేరును, ఇంకొక వైద్యు డింకొక పేరును పెట్టుచుండుటచేత, 2013లో ఆ గోడలను చాలవఱకు పడగొట్టి 'ఆటిజం స్పెక్ట్రం' అని యొకే పేరు క్రిందికి దెచ్చిరి. ఇంద్రధనుస్సు రంగులవలె నొకదానిలో నొకటి కలిసిపోవు శ్రేణి యని దాని భావము. ఇప్పుడు చూడవలసినవి రెండు: ఒకటి, పరులతో మాట, చూపు, చెలిమి యందలి తేడా, రెండవది, ఒకే పనిని మరల మరల చేయుట, మార్పు సహింపమి, చప్పుడు స్పర్శాదులు మితిమీరి తగులుట, లేక తగులకుండుట. రెండును బాల్యముననే యుండవలెను. ఎంత యాసరా కావలెనను దానినిబట్టి మూడు మెట్లు చెప్పిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పదునొకండవ వర్గీకరణము, 2022 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చినది, ఇదే త్రోవ పట్టి, బుద్ధిమాంద్య మున్నదా లేదా, మాట యెంతవఱకు వచ్చును అనువానిని వేఱువేఱుగా వ్రాయుమన్నది.

ఈ వర్గీకరణములో మన యూరికి గూడ పాలు గలదని మనలో చాలమందికి తెలియదు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగరున స్థాపింపబడిన కేంద్రప్రభుత్వ సంస్థను మన పెద్దలింకను ఎన్.ఐ.ఎం.హెచ్. అనియే పిలుచుచున్నారు, దాని నేటి పేరు నీపిడ్. భారతదేశమంతటను ఆటిజమును కొలుచు 'ఇసా' అను కొలబద్దను తయారుచేసినది ఆ సంస్థయే. దానియందు 40 అంశములు గలవు: నలుగురితో మెలగుట, మనోభావములు, మాట, నడవడి, ఇంద్రియానుభవము, బుద్ధి యని యాఱు భాగములు. బిడ్డను చూచియు, తల్లిదండ్రులనడిగియు ఒక్కొక అంశమునకు 1 మొదలు 5 వఱకు అంకె వేయుదురు. కూడగా 70 లోపు వచ్చినచో ఆటిజము లేదు, 70 నుండి 106 వఱకు స్వల్పము, 107 నుండి 153 వఱకు మధ్యమము, ఆపైన తీవ్రము. మార్కులు హెచ్చినకొలది సంతోషించు మావంటి బడిపంతుళ్ళకు ఇది తలక్రిందులైన పరీక్ష. 70 వచ్చినవారికి నూటికి 40 వైకల్యమని లెక్క. ప్రభుత్వ ప్రయోజనములలో పెక్కింటి కా 40 వాకిలివంటిది. సదరమను పేరు మన నోళ్ళలో నిలిచినది గాని, నేడు దేశమంతటికి నొకే విధమైన గుర్తింపు కార్డు వచ్చినది.

ఇది జీవితాంత ముండునదని వైద్యులు చెప్పగానే తల్లిదండ్రుల గుండె పగులును. ఆ మాట నెట్లు గ్రహింపవలెనో చూతము. సాంఖ్యులు నిత్యమును రెండు విధములుగా జెప్పిరి. ఏ మార్పును లేక నిలుచునది కూటస్థనిత్యము. మారుచునే నిలుచునది పరిణామినిత్యము. ఆటిజము రెండవ తరగతిది. మూడేండ్ల వయస్సున మాటరాని బిడ్డ తొమ్మిదేండ్లకు మాట్లాడవచ్చును. బాల్యమున చొక్కా వేసికొననివాడు యౌవనమున వంట చేసికొనవచ్చును. చిన్ననాటనే గుర్తించి మాటయు, పనియు, ఆటయు ఓపికతో నేర్పినచో మేలు కలుగును. స్వభావము మాత్రము పోదు. దీనిని పోగొట్టెదమని మూలకణముల సూదులకు లక్షలు గుంజువారు గలరు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు దప్ప నా చికిత్స నంగీకరింపలేదు. మన సంఘీయు లొకరు ఇందులకై యిల్లు తాకట్టు పెట్టిరి. వారు మా మాట వినియు వినలేదు. బిడ్డ తల్లిదండ్రులకు ఆశ యెంత బలమైనదో మాకు తెలియును గనుక వారిని నిందింపలేము.

జీవితాంతమన్నచో నేమో కానరు మొదటి రోగియే చూపెను. మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్టు అను చిన్న యూరివాడు, డోనాల్డ్ ట్రిప్లెట్, 1933లో పుట్టెను. మూడేండ్ల వయస్సున నొక సంస్థలో నుంచి మఱచిపొమ్మని వైద్యులనగా తల్లిదండ్రు లుంచిరి. మనసొప్పక తిరిగి తెచ్చుకొనిరి. 1938లో తండ్రి 33 పుటల యుత్తరము కానరునకు వ్రాసెను. తరువాత కొన్నాళ్ళొక రైతు దంపతుల యింట పెరిగెను. కళాశాలలో చదివెను. తన కుటుంబమునకు భాగమున్న బ్యాంకిలో లెక్కలు చూచుకొనుచు, గోల్ఫు ఆడుచు, ఒంటరిగా దేశములు తిరిగి వచ్చుచు, 2023లో తన 89వ యేట అదే యూర గతించెను. ఎవరైన పొరుగూరి విలేకరి యాతనికై వచ్చినచో నూరివారు, "వానికేమైన కీడు చేసితిరా, మేమూరకుండము" అని ముందే హెచ్చరించెడివారట. 1971లో కానరు తన 11 మందిని మరల వెదకెను. పెద్దపెద్ద సంస్థలలో పడవేయబడినవారు వాడి ముడుచుకొనిపోయిరి. డోనాల్డువంటి యొకరిద్దరు నిలదొక్కుకొనిరి. వాని కలిమి సాయపడినది, కాదనము. కాని యూరు గూడ సాయపడినది.

మన యూరేమి చేయుచున్నది? 2018లో వెలువడిన యొక పరిశోధనకై దేశమున నైదుచోట్ల పిల్లలను పరీక్షింపగా, అందులో హైదరాబాదొకటి. నూటికి సుమారొకరికి ఆటిజ మున్నట్లు తేలినది. ఈ మందిరమున కూర్చున్న కుటుంబములను లెక్కించిన యెడల కార్యదర్శిగారు చెప్పిన నలుగురైదుగురు తక్కువ లెక్కయే. తక్కినవా రెక్కడ? పెండ్లిచూపుల నాడు మేనత్త యింటికి పంపబడుదురు. బోనాల డప్పులకు, టాంకుబండు మీద నిమజ్జనము హోరునకు చెవులు మూసికొని కేకలు పెట్టగా, 'పిచ్చి' యని వెనుకగదిలో నుంచబడుదురు. మన వివాహ సమాచార పుస్తకమున తోబుట్టువుల గడిలో వారి పేరుండదు. అట్లు వ్రాసినచో సంబంధము తప్పునని భయము. ఆ భయము నిజమే. దానిని పుట్టించినవారము మనమే. మన వసతిగృహమున గత యేడు ఇట్టి విద్యార్థి యొకడు చేరగోరగా త్రోసిపుచ్చితిమి. ఆ సమావేశమున మేముంటిమి, నోరు విప్పలేదు.

చట్టము మనకంటె ముందు పోయినది. 1995 నాటి చట్టమున ఆటిజమునకు చోటే లేదు. 1999లో జాతీయ న్యాస చట్టము దానిని పేరుపెట్టి చేర్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములలో నొకటిగా నుంచి, నిర్ణీత వైకల్యముగల బిడ్డలకు 18 ఏండ్ల వఱకు ఉచిత విద్యయు, ఉన్నత విద్యలో నూటికి 5 స్థానములును, ఉద్యోగములలో వాటాయు నిచ్చినది. నిరామయ యను పథకమున లక్ష రూపాయల వఱకు వైద్యవ్యయము లభించును. ఈ పేటలోని కేంద్రప్రభుత్వ భవనములలో పని చేసి విరమించినవారు, సంపాదించుకొనలేని బిడ్డకు తమ తదనంతరము కుటుంబ పింఛను వచ్చునట్లు ఆ బిడ్డ పేరు కార్యాలయ పత్రములలో నెక్కించుకొనవలెను. మన వారిలో నొకరు సిగ్గుపడి యెక్కింపలేదు. ఆయన పోయిన పిదప వితంతువు మూడేండ్లు కార్యాలయముల చుట్టు తిరిగినది.

అన్నిటికంటె ముఖ్యమైనది సంరక్షకుని నియామకము. బిడ్డకు 18 నిండగానే చట్టము దృష్టిలో తల్లిదండ్రులు తామై సంతకము చేయుటకు హక్కు లేనివారగుదురు. అప్పుడు జాతీయ న్యాస చట్టము క్రింద జిల్లాలోని స్థానిక సంఘమునకు దరఖాస్తు పెట్టుకొన్నచో, సంరక్షకుడు కావలెనా కావలదా యని విచారించి నియమింతురు. తల్లిదండ్రులు, బంధువులు పెట్టవచ్చును; ఆ న్యాసమునందు నమోదైన సంస్థయు పెట్టవచ్చును. ఈ చివరి మాటపై పోషకులు దృష్టి యుంచవలెనని మా ప్రార్థన. మన సంఘమునకు కల్యాణమండపమున్నది, వసతిగృహమున్నది, నిలువ నిధి యున్నది. అట్టి నమోదునకు మన మర్హులమగుదుమో లేదో తెలిసికొని, అర్హులము గాకున్న నేమి చేయవలెనో నిర్ణయించుటకు నేటి కార్యవర్గ సమావేశమున నొక తీర్మానము పెట్టుచున్నాము. వసతిగృహపు నిబంధనలలో నాలుగవదానిని కొట్టివేయవలెనని రెండవ తీర్మానము.

మేము మొదట చెప్పిన తల్లికి మొన్నటి నెల దరఖాస్తు వ్రాసిపెట్టితిమి. వైద్యుల ధ్రువపత్రము, గుర్తింపు కార్డు, ఛాయాచిత్రములు సిద్ధమైనవి. ఆమె తదనంతరము సంరక్షకుడుగా నెవరుందురో వ్రాయవలసిన గడి మాత్రము ఖాళీగా నున్నది. మేమే యుందుమన్న, వానికంటె మేము 20 ఏండ్లు పెద్దవారము. అది యక్కఱకు రాదు. ఆమె తోడబుట్టినవారి బిడ్డలిరువు రీ సభకు వచ్చియున్నారని వింటిమి. మాకు వారి ముఖపరిచయము లేదు. భోజనముల తరువాత మేము కార్యాలయపు గదిలో నుందుము. దరఖాస్తు మా యొద్దనే యున్నది.